మూట కట్టుకున్నావా, నాన్నా?

ఇలా రా నాన్నా, అరుగు మీద ఓ పది నిమిషాలు కూర్చో. ల్యాప్‌టాప్ ఒళ్లోనే ఉంచుకో, ఫర్వాలేదు. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఇటివ్వు. ఇవ్వమన్నానా? నేనేం మింగేయను. మాట్లాడడం అయ్యాక నీది నీకే ఇచ్చేస్తాను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర నువ్వన్న మాట నా చెవిన పడింది. "ఈ కొత్త విండోస్‌తో నా వల్ల కాదమ్మా, రేపు పొద్దున్న కూర్చుని పాతదానికి వెళిపోతాను" అన్నావు. మీ అమ్మ చారు వడ్డిస్తూ "నీ ఇష్టం, ఏదో ఒకటి చేసుకో" అంది. తన చెల్లెలి పెళ్లి వీడియో ఆ డబ్బాలోనే ఉందని ఆ క్షణంలో గుర్తొచ్చి ఉంటే, గరిటె గాల్లోనే ఆగిపోయేది.

నిన్ను తిట్టడానికి పిలవలేదురా. వెళ్లొద్దని కూడా అనను. కొత్తది నచ్చక పాతదానికి పోవడం నువ్వు కనిపెట్టిందేం కాదు. 2007లో విస్టా వచ్చినప్పుడు, గంటస్తంభం దగ్గర నా డీటీపీ షాపుకొచ్చే వాళ్లలో సగం మంది ఎక్స్‌పీయే బాగుందని వెనక్కి పోయారు. 2012లో విండోస్ 8 వచ్చి, ఎడమ మూలనుండే స్టార్ట్ బటన్ మాయమైతే, "ఏటి గురూ, ఇంటికి గుమ్మమే లేదు?" అని నవ్వుకున్నాం. మరుసటి ఏడాది 8.1లో ఆ బటన్ మళ్లీ వచ్చి కూర్చుంది. చేసినవాళ్లే ఓ అడుగు వెనక్కేశారు. నువ్వేస్తే తప్పేటి? ఏం తప్పు లేదు. నేనడిగేది ఒక్కటే. మూట కట్టుకున్నావా?

మూట అంటే ఏటో నీకు తెలీదని కాదు. 2018లో నువ్వు చిన్నపిల్లాడివి, అయినా గుర్తుండే ఉంటుంది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం ఉద్దానంలో మీ అమ్మమ్మ ఏం చేసిందో మీ మావయ్యనడుగు. అందరూ "లే, నడు" అని కేకలేస్తుంటే ఆవిడ కదల్లేదు. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగింది. పొలం పాసుపుస్తకం, రేషన్ కార్డు, మీ మావయ్య టెన్త్ సర్టిఫికెట్, మీ తాతగారి ఒక్కగానొక్క ఫొటో, అన్నీ ఎరువుల సంచిలోని పాలిథీన్ కవరులో చుట్టి, నైలాన్ తాడుతో బిగించి, చంకన పెట్టుకుంది. ఆ తరవాతే ఇంటికి తాళం వేసింది. తెల్లారి చూస్తే ఇంటి మీద పెంకుల్లేవు. కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. జీడితోట ఆనవాలు లేదు. ఆవిడ చంకలో మూట మాత్రం పొడిగా ఉంది.

చదువు రాని మనిషి. కానీ ఇల్లు వదిలే ముందు ఏం పట్టుకోవాలో తెలిసిన మనిషి. నువ్వు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నావు. పాత విండోస్ ఎక్కించడమంటే ఇల్లు ఖాళీ చెయ్యడమేరా. ముందు మూట, తరవాత తాళం. ఈ వరస తిరగేశావో, ఇంక చేసేదేం ఉండదు.

సరే, నీ డబ్బాలో ఏమున్నాయో ఓసారి లెక్కపెడదాం. నీ ప్రాజెక్టు ఉంది, అది నీకు గుర్తుంటుంది. మరి మీ నాన్న స్కాన్ చేయించిన అడంగల్, వన్‌బీ కాగితాలు? మీ చెల్లి హాల్‌టికెట్టు? నువ్వు ఫోన్ మార్చినప్పుడు అందులోని ఫొటోలన్నీ ఇందులోకి దింపి, "తరవాత సర్దుతాను" అన్నావు చూడు, అవి? అవన్నీ ఎక్కడున్నాయి? డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డాక్యుమెంట్స్‌లో. అవన్నీ సీ డ్రైవ్ అనే ఒకే గదిలో ఉంటాయి. నువ్వు ఇవాళ కూలగొట్టబోయేది సరిగ్గా ఆ గదినే.

నాకిదంతా ఎలా తెలుసనుకుంటున్నావు? పుస్తకంలో చదవలేదు. చేతులు కాల్చుకున్నాను.

2016 మాఘమాసం, పెళ్లిళ్ల సీజను. అప్పటికి విండోస్ 10 ఉచితంగా ఇస్తున్నారని నేనూ ఎక్కించాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నా పాత ప్రింటర్ కొత్తదానితో మాట కలపనంది. బయట బెంచీ మీద శుభలేఖల కోసం నలుగురు కూర్చున్నారు. చిరాకొచ్చింది. సొరుగులోంచి విండోస్ 7 సీడీ తీశాను, పెట్టాను, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాను. గంటన్నరలో ప్రింటర్ కదిలింది. శుభలేఖలన్నీ డి డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి. డబ్బులొచ్చే పని కదా, జాగ్రత్తగా పెట్టుకున్నాను. అంతా సుఖంగా అయిపోయిందని టీ తెప్పించుకున్నాను.

ఆ రాత్రి షట్టర్ దించబోతుంటే గుర్తొచ్చింది. గజపతినగరం వైపు నుంచి ఒక పెద్దాయన, తప్పెటగుళ్ల గురువు, అంతకు ముందు ఏడాది వరసగా మూడు ఆదివారాలు బస్సెక్కి నా షాపుకొచ్చాడు. గుండెకి తప్పెట కట్టుకోకుండానే, కుర్చీలో కూర్చుని, వేళ్లతో బల్ల మీద దరువేసుకుంటూ పాటలు చెప్పాడు. నేను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టుకుంటూ పోయాను. నలభై పేజీలు. ఒక్క పైసా రాని పని కాబట్టి, ఎప్పుడో తీరిగ్గా చూద్దామని డెస్క్‌టాప్ మీద వదిలేశాను.

ఫార్మాట్‌లో అవీ పోయాయి. హార్డ్‌డిస్కుని విశాఖ తీసుకెళ్లాను. తెలిసినాయన రెండు రోజులు పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా కొన్ని ఫైళ్లు తీసిచ్చాడు. తెరిస్తే గళ్లూ ప్రశ్నార్థకాలూ. మళ్లీ చెప్పించుకుందామంటే, ఆ పెద్దాయన ఆ సంక్రాంతికే పోయాడు.

ఇందులో అసలు బాధ ఏటో చెప్పనా? అప్పట్లో విండోస్ 10 ఎక్కించినవాళ్లకి ముప్పై రోజుల దాకా వెనక్కి వెళ్లే బటన్ ఒకటి అందులోనే ఉండేది. నొక్కితే పాతది దానంతటదే తిరిగొచ్చేది, ఫైళ్లు ఉన్నచోటే ఉండేవి. ఫార్మాట్ అక్కర్లేదు, సీడీ అక్కర్లేదు. నాకా సంగతే తెలీదు. తెలుసుకునేందుకు అరగంట ఆగలేదు. బెంచీ మీద నలుగురున్నారని తొందర. ఆ నలుగురి పేర్లు ఇప్పుడు గుర్తు లేవు. ఆ పెద్దాయన బల్ల మీద వేసిన దరువు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకే ఆగమంటున్నాను. ఆగి, ఒక్కొక్కటీ చూసుకో.

మొదటిది. నువ్వు నిజంగా వెళ్లాల్సిన పనుందా? నాలుగు రోజులే అయింది నువ్వు విండోస్ 11 ఎక్కించి. కొత్తింట్లోకి దిగిన నాలుగు రోజులు ఏ గిన్నె ఎక్కడుందో తెలీదు, అంతమాత్రాన ఇల్లు చెడ్డదా? పెద్ద అప్‌డేట్ ఎక్కినప్పుడు అది లోపల ఫైళ్ల జాబితా రాసుకుంటూ, మిగతా అప్‌డేట్లు దింపుకుంటూ కొన్నాళ్లు నెమ్మదిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ చూడు, ఆన్ చెయ్యగానే ఎన్ని సాఫ్ట్‌వేర్లు పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంటున్నాయో. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్ చాలని రాశారంటే, బతకడానికి చాలని అర్థం, పరిగెత్తడానికి కాదు. పాత తిరుగుడు హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే సగం జబ్బు నయమవుతుంది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదు నాన్నా.

రెండోది. ఇవన్నీ చూశాక కూడా వెళ్తానంటావా, నీకు దొడ్డిదారి ఇంకా తెరిచే ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అందులో 'గో బ్యాక్'. నా రోజుల్లో ముప్పై రోజులున్న గడువు 2016లోనే పది రోజులకి తగ్గించారు. సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అని ఒక ఫోల్డరుంటుంది చూడు, నీ పాతిల్లు మొత్తం మడతపెట్టి అందులోనే ఉంటుంది. చోటు చాలడం లేదని దాన్ని డిలీట్ చేశావా, దారి మూసుకుపోతుంది. పది రోజులు దాటితే అదే చెరిపేసుకుంటుంది, ఆ బటన్ పనిచెయ్యదు. నీకింకా ఆరు రోజులున్నాయి. ఆరు రోజులుండగా ఈ పొద్దున్నే పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవడం దేనికి? ఆ బటన్ ఫైళ్లని ఉంచుతుంది, కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్లని తీసేస్తుంది. ఉంచుతుంది కదా అని మూట మానకు. మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా చచ్చిపోతే ఏది ఉంచుతుందో ఏది ఊడుస్తుందో ఎవడికి తెలుసు? ఛార్జర్ గుచ్చి మొదలుపెట్టు. ఈదురుగాలి వేసే రోజైతే అసలు మొదలుపెట్టకు.

మూడోది, నువ్వు చెయ్యబోయింది. పెన్‌డ్రైవ్‌తో మొత్తం తుడిచి ఎక్కించడం. ఇందులో గోతులు ఎక్కువ. కొత్తదాని మీద పాతది వేసేటప్పుడు నీ ఫైళ్లు ఉంటాయని నమ్ముకోకు, పోయాయనే అనుకుని దిగు. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి డిస్కు దానంతటదే తాళం వేసుకుంటుంది. బిట్‌లాకర్ అంటారు. ఏదైనా తేడా వస్తే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకో. అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటే, తాళంచెవి ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకున్నట్టు. ఆ కంపెనీకి 2014 నుంచీ పెద్ద మన తెలుగువాడు సత్య నాదెళ్లే గానీ, ఆయనొచ్చి నీ తాళంచెవి వెతికిపెట్టడు.

ఇంకో గొయ్యి డ్రైవర్లు. పాతది ఎక్కుతుంది, స్క్రీన్ వస్తుంది, వైఫై రాదు. వైఫై డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్నట్టు. ఈ మధ్య ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నిట్లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనపడదు, దానికో స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఇవ్వాలి. కాబట్టి ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్ నంబరు కొట్టి, పాత విండోస్‌కి డ్రైవర్లున్నాయో లేవో ముందు చూడు. ఉంటే దింపి వేరేగా దాచు. లేకపోతే ఆ ప్రయాణమే మానుకో. లైసెన్సు సంగతీ చూసుకో. పదితో కొని పదకొండుకి వచ్చినవాడికి పాత హక్కు మామూలుగా ఉంటుంది. కొన్నప్పుడే పదకొండుతో వచ్చినదైతే ప్రో ఎడిషన్‌కి వెనక్కి వెళ్లే హక్కుంది, హోమ్ ఎడిషన్‌కి లేదు.

ఇంతకీ ఈ పెన్‌డ్రైవ్ ఎవరిచ్చారు? నీ ఫ్రెండా? వాడికెవరిచ్చారు? తెలీదు కదూ. పైగా యాక్టివేషన్ కూడా అదే చేసేసుకుంటుందంటావు. ఊరూపేరూ లేనివాడు తాళాలగుత్తి ఇచ్చి, ఇదుగో నీకు కొత్త తాళం అంటే ఇంటికి వేసుకుంటావా? వాడి దగ్గర రెండో చెవి ఉండదూ? విండోస్ కావాలంటే కంపెనీ సైట్ నుంచే దింపుకో. 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ చాలు. ఆ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, అది కూడా గుర్తుపెట్టుకో. మూట కట్టిన పెన్‌డ్రైవే దీనికీ వాడి నెత్తిన చెయ్యి పెట్టుకున్నవాళ్లని చూశాను.

ఇక గడియ సంగతి. ఇది కాస్త శ్రద్ధగా విను.

పాతింటికి వెళ్లడం సరే, ఆ ఇంటి తలుపుకి గడియ ఉందా? విండోస్ 7కి 2020 జనవరి 14తో మరమ్మతులు ఆపేశారు. దాని తేలికదనం నాకూ ఇష్టమే. అయినా అందులో కూర్చుని బ్యాంకు పనులు చేస్తానంటే ఒప్పుకోను. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు అయిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించారు. పదికి వెళ్లేవాడివైతే ఆ నమోదు చేసుకునే ఉండు. అదీ అద్దె గడువే, సొంతిల్లు కాదు.

గడియ లేకపోతే ఏటవుతుందో మన ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2017 మే నెలలో వానాక్రై అని ఒక పాడు ప్రోగ్రాం ప్రపంచమంతా తిరిగింది. కంప్యూటర్లో ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లిస్తే గానీ తియ్యనని ఎర్ర తెర చూపించేది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకే తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం జిల్లా పేరు కూడా పేపర్లలో వచ్చింది. దొంగల్ని పట్టేవాళ్ల ఇంట్లోనే దొంగ పడ్డాడని జనం నవ్వుకున్నారు గానీ, నవ్వే విషయం కాదు. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే విడుదలైంది. వేసుకున్నవాళ్లకి ఆ దారిన ఏం కాలేదు. ప్రపంచం మొత్తం మీద అప్పుడు దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం అప్‌డేట్ వేసుకోని విండోస్ 7లే. అప్‌డేట్ వస్తే "రిమైండ్ మీ లేటర్" నొక్కుతావు చూడు, ఆ అలవాటేరా పాతదానికంటే పెద్ద ప్రమాదం. కొత్తింట్లో ఉన్నా తలుపు తీసి పడుకుంటే ఒకటే.

మరి ఏదో ఒక్కదాని కోసమే పాతదానికి వెళ్తున్నావేమో, ఏదో కాలేజీ సాఫ్ట్‌వేర్ పాతదాంట్లోనే ఆడుతుందన్నావు. దానికి ఇల్లు మారక్కర్లేదు. కొత్తింట్లోనే ఒక గది పాతదిగా ఉంచుకోవచ్చు. వర్చువల్‌బాక్స్ అని ఉచితంగా దొరుకుతుంది. విండోస్ 11 లోపలే ఒక కిటికీలో పాత విండోస్ నడుస్తుంది. దానికి నెట్ తగిలించకపోతే దొంగ భయమూ తక్కువే. మన డీటీపీ వాళ్లలో చాలామంది పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఒక పాత కంప్యూటర్‌ని నెట్ లేకుండా మూల పెట్టుకుని పని చేసుకోవడం నేను చూశాను. పాత పని పాతదాంట్లో, లోకంతో పని కొత్తదాంట్లో. నేనూ ఆఖరి నాలుగేళ్లు అలాగే నడిపాను, ఏ గొడవా లేదు.

పాతా కొత్తా అంటూ ఎందుకింత గోల అంటావేమో. మన ఊరి గురజాడవారు కన్యాశుల్కం 1897లో అచ్చు వేయించారు. తరవాత దాన్ని బాగా పెంచి, మార్చి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ రెండోదే. అయినా మొదటిది ఎవరో దాచబట్టి, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆయన ఎక్కడ ఏం మార్చారో చూసుకునే వీలుంది. పాత ప్రతి దాచిన ఆ చేతులకి దండం పెట్టాలి. నా నలభై పేజీలకి అలాంటి చెయ్యి ఒక్కటి లేకపోయింది. ఉండాల్సిన చెయ్యి నాదే.

సరే, చాలా చెప్పాను. నీ మొహం చూస్తే తెలుస్తోంది, మధ్యలో రెండుసార్లు ఆవలించావు. పని చెప్తాను, విను.

లోపలికెళ్లి బీరువాలో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కుంది, తెచ్చుకో. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ మొత్తం అందులోకి లాగు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు ఎక్కడున్నాయో చూసుకో. మీ నాన్ననీ అమ్మనీ చెల్లినీ పిలిచి, "మీవి ఇంకేమైనా ఇందులో ఉన్నాయా?" అని అడుగు. సిగ్గుపడకు. ఆ డబ్బా నీ ఒళ్లో ఉంటుందే గానీ, అందులో ఉన్నది ఇంటిల్లిపాదిదీ. అన్నిటికంటే ముఖ్యం, కాపీ అయిపోయిందని అది చెప్పిందని ఊరుకోకు. హార్డ్‌డిస్కు తీసి మీ చెల్లి కంప్యూటర్‌కి తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. మీ పిన్ని పెళ్లి వీడియో పెట్టు. తలంబ్రాల దగ్గర మీ అమ్మమ్మ పకపకా నవ్వుతుంది చూడు, ఆ నవ్వు వినపడితే మూట కట్టినట్టు. వినపడకపోతే మళ్లీ కట్టు.

తరవాత ఆ హార్డ్‌డిస్కుని ఓ పాలిథీన్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టు. అవును, అదే పెట్టె. తిత్లీ ముందురోజు మంచం కింద నుంచి లాగిందే, ఆవిడ పోయాక మీ అమ్మ తెచ్చుకుంది. పాసుపుస్తకం పక్కన చోటుంది, నేను పొద్దున్నే చూశాను.

పెన్‌డ్రైవ్ ఇస్తానన్నాను, ఇస్తాను. ముందు ఆ నవ్వు నాకు వినిపించు.